మనిషికీ వానరానికీ మధ్య హద్దు: తొలి ప్రకృతి శాస్త్రజ్ఞులు వెతికిందీ, వారికి దొరికిందీ

1698లో అంగోలా నుంచి ఒక చింపాంజీ పిల్ల ఓడ మీద లండన్ చేరింది. ప్రయాణంలోనే దవడకు దెబ్బ తగిలి, ఆ పుండు మానక, ఒడ్డుకు చేరిన కొద్దికాలానికే చనిపోయింది. దాని కళేబరం ఎడ్వర్డ్ టైసన్ అనే వైద్యుడి చేతికి వచ్చింది. బతికున్నప్పుడు దాని నడవడి ఎలా ఉండేదో చూసినవాళ్లు చెప్పిన సంగతులను కూడా టైసన్ శ్రద్ధగా రాసిపెట్టాడు. బట్టలు తొడగడం అలవాటు చేశాక అది వాటిని ఇష్టపడింది. తాను తొడుక్కోలేని వాటిని చేత్తో పట్టుకొని సాయం కోసం దగ్గరున్నవాళ్ల వద్దకు తెచ్చేది. పక్క మీద తల దిండుకు ఆనించి, దుప్పటి మీదికి లాక్కొని పడుకునేది. మనుషులను ఆప్యాయంగా కౌగిలించుకునేది గాని, అదే ఓడలో ఉన్న కోతుల జోలికి మాత్రం పోయేది కాదు. టైసన్ దీన్ని ‘పిగ్మీ’ అన్నాడు. అప్పటికి యూరప్‌లో తోక లేని పెద్ద వానరాలకు ఒక స్థిరమైన పేరు లేదు. ఆఫ్రికా చింపాంజీని, ఆసియా ఒరాంగుటాన్‌ను ఒకటిగానే భావించేవారు.

విలియం కౌపర్ అనే శస్త్రవైద్యుడు బొమ్మలు గీస్తూ తోడ్పడగా టైసన్ ఆ శరీరాన్ని కోసి, ఎముకలు, కండరాలు, మెదడు, స్వరపేటిక అన్నీ మనిషివాటితోనూ కోతివాటితోనూ పోల్చి, 1699లో ఒక గ్రంథం ప్రచురించాడు. కోతికన్నా మనిషికే దగ్గరగా ఉన్న లక్షణాలు 48 అనీ, మనిషికన్నా కోతికే దగ్గరగా ఉన్నవి 34 అనీ లెక్క తేల్చాడు. ఆయనను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది మెదడు. మనిషికీ పశువుకూ ఉన్న అంతరం ఎక్కడైనా స్పష్టంగా కనబడాలంటే అక్కడే కనబడాలి. తీరా కోసి చూస్తే మనిషి మెదడును పోలిన మెదడే కనిపించింది. స్వరపేటిక సంగతీ అంతే. మాట్లాడడానికి కావలసిన అవయవాలన్నీ ఉండి కూడా ఈ జంతువు మాట్లాడలేదు కాబట్టి, మాటకూ ఆలోచనకూ మూలం అవయవాల్లో లేదనీ, శరీరానికి అతీతమైన ఏదో ఉన్నత తత్వం మనిషికి మాత్రమే ఉందనీ టైసన్ నిర్ధారించాడు. శరీరంలో హద్దు దొరకలేదు కనుక హద్దు లేదని ఆయన అనలేదు. హద్దును కత్తికి అందని చోటికి జరిపాడు. తర్వాతి 170 ఏళ్ల చర్చంతా దాదాపు ఇదే దారిలో సాగింది కనుకనే టైసన్ తర్కాన్ని గుర్తుంచుకోవడం అవసరం.

టైసన్‌కు ముందున్న సమాధానాలు శరీరం మీద పెద్దగా ఆధారపడలేదు. మొక్కలకు పోషణశక్తి, జంతువులకు దానితోపాటు ఇంద్రియశక్తి, మనిషికి ఆ రెండింటి మీద వివేచనాశక్తి ఉన్నాయని అరిస్టాటిల్ మెట్లు కట్టాడు. మనిషికి చేతులున్నాయి కాబట్టే అతడు తెలివైనవాడయ్యాడని అనాక్సగోరస్ అంటే, తెలివైనవాడు కాబట్టే ప్రకృతి అతనికి చేతులిచ్చిందని అరిస్టాటిల్ ఆ వాదాన్ని తిరగవేశాడు. 1637లో దెకార్త్ జంతువులను యంత్రాలతో పోల్చి, సందర్భానికి తగినట్టు మాటలు కూర్చగలగడం, ఏ పరిస్థితికైనా బుద్ధిని ఉపయోగించగలగడం అనే రెండు పరీక్షలతో మనిషిని వేరు చేయవచ్చన్నాడు. ఆహారం, నిద్ర, భయం, మైథునం పశువులకూ మనుషులకూ సమానమనీ, ధర్మమొక్కటే మనిషికి అదనమనీ చెప్పే సంస్కృత శ్లోకం తెలుగు పాఠకులకు పరిచయమే. అది మనిషి ఎలా నడుచుకోవాలో చెప్పే బోధ. అరిస్టాటిల్, దెకార్త్‌ల వాదాలకు దానితో పోలిక ఒక్కటే: వాటిలో ఏదీ ఎముకలనూ నరాలనూ సాక్ష్యంగా పిలవలేదు. పిలిచిన తరానికే అసలు ఇబ్బంది మొదలైంది.

ఆ సాక్ష్యం ఎలాంటిదో కాస్త ఆగి చూడడం మంచిది. మనుషుల శవాలను కోసే వీలు లేని కాలంలో రెండో శతాబ్దపు వైద్యుడు గాలెన్ కోతులనూ ఇతర జంతువులనూ కోసి, అక్కడ చూసిందే మనిషికీ వర్తింపజేశాడు. అందువల్ల వచ్చిన తప్పులు 1543లో వెసేలియస్ ఎత్తిచూపేదాకా వైద్యగ్రంథాల్లో నిలిచిపోయాయి. 1641లో డచ్చి వైద్యుడు నికొలాస్ తుల్ప్ తాను చూసిన ఒక వానరాన్ని వర్ణించాడు. అదీ అంగోలా నుంచి వచ్చిందే, కాని దానికి మలయ్ భాషలోని ఒరాంగుటాన్ పేరు తగిలించాడు. జావాలో ఉండి 1631లో చనిపోయిన డచ్చి వైద్యుడు బోంటియస్ రాతలు 1658లో అచ్చయ్యాయి. వాటిలోని బొమ్మ వానరంకన్నా ఒళ్లంతా రోమాలున్న స్త్రీలా ఉంటుంది. ఈ జీవులు మాట్లాడగలవనీ, మాట్లాడితే పని చేయిస్తారని భయపడి నోరు విప్పవనీ జావా ప్రజలు చెప్పుకొంటారని కూడా ఆయన రాశాడు. అడవిలో తన తోటివాటి మధ్య తిరిగే ఎదిగిన వానరాన్ని ఈ పండితుల్లో ఎవరూ చూడలేదు. వారి ముందుకు వచ్చినవి తల్లి నుంచి విడదీసిన పిల్లలు, చలిదేశంలో దగ్గుతున్న రోగులు, సారాయిలో ఊరిన కళేబరాలు. టైసన్ చూసిన పిల్ల వేళ్ల కణుపులు నేలకు ఆనించి నడిచేది. చింపాంజీల సహజమైన నడక అదే. అది జబ్బు వల్ల వచ్చిన నీరసమని ఆయన భావించి, గ్రంథంలోని బొమ్మలో దాన్ని నిటారుగా నిలబెట్టి చేతికి ఊతకర్ర ఇప్పించాడు. చూసింది నిజాయితీగా రాసిన మనిషి కూడా తాను ఆశించిన జంతువునే చివరికి బొమ్మ గీయించాడు.

శరీరంలో హద్దు దొరకలేదని అందరికన్నా సూటిగా ఒప్పుకున్నవాడు స్వీడన్‌కు చెందిన లిన్నేయస్. 1735లో వెలువడిన ఆయన వర్గీకరణ గ్రంథం తొలి కూర్పులో మనిషినీ కోతులనూ స్లాత్ అనే జంతువునూ ‘మనిషిని పోలినవి’ అన్న ఒకే శీర్షిక కింద పెట్టాడు. మిగతా జంతువులకు దంతాలు, వేళ్లు, చనుమొనలు లెక్కపెట్టి లక్షణాలు రాసినవాడు మనిషి పేరు పక్కన మాత్రం ‘నిన్ను నీవు తెలుసుకో’ అనే లాటిన్ మాట రాసి ఊరుకున్నాడు. దీనికి జర్మన్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు యోహాన్ గియోర్గ్ గ్మేలిన్ అభ్యంతరం చెప్పగా, 1747 ఫిబ్రవరిలో రాసిన ఉత్తరంలో లిన్నేయస్ ఎదురు ప్రశ్న వేశాడు: ప్రకృతిశాస్త్ర సూత్రాల ప్రకారం మనిషినీ వానరాన్నీ వేర్వేరు ప్రజాతులుగా చూపే ఒక్క లక్షణం చెప్పండి, నాకైతే ఏదీ తెలియదు. మనిషిని వానరమని గాని, వానరాన్ని మనిషని గాని అంటే మతపండితులందరూ తన మీద విరుచుకుపడతారనీ, అయినా తన శాస్త్రధర్మం ప్రకారం బహుశా అలాగే చేసి ఉండవలసిందనీ అదే ఉత్తరంలో ఉంది. మనిషికి ఆత్మ ఉందని నమ్మిన భక్తుడే ఆయన. అయితే వర్గీకరణలో ఆత్మను లక్షణంగా చూపించకూడదన్న నియమాన్ని తన మీద కూడా అమలు చేసుకున్నాడు. ఈ క్రమశిక్షణ ఆ శతాబ్దంలో చాలా అరుదు.

1758 నాటి పదో కూర్పులో మనిషి, కోతులు, లీమర్లు, గబ్బిలాలు ‘ప్రైమేట్లు’ అనే క్రమంలో చేరాయి. లిన్నేయస్ బలహీనత కూడా అక్కడే బయటపడింది. మనిషి ప్రజాతిలో ‘హోమో సేపియన్స్’తోపాటు ‘హోమో ట్రోగ్లడైటిస్’ అనే రాత్రించర మానవుణ్ణి రెండో జాతిగా చేర్చాడు. బోంటియస్ బొమ్మనూ, తెల్లని చర్మంతో పుట్టేవారి గురించి ప్రయాణికులు చెప్పిన కబుర్లనూ కలిపి కట్టిన ఆ జీవి ఎక్కడా లేదు. మొదటి జాతినేమో ఖండాలవారీగా విభజించి, ఒక్కో విభాగానికి చర్మం రంగుతోపాటు స్వభావాన్ని కూడా అంటగట్టాడు: యూరపువారు చట్టాన్ని అనుసరిస్తారట, ఆఫ్రికావారు సోమరులట. మనిషికీ వానరానికీ మధ్య శరీరలక్షణం తప్ప మరేదీ పనికిరాదన్న శాస్త్రజ్ఞుడు మనుషులను విడదీయడానికి మాత్రం ఊరి కబుర్లను లక్షణాలుగా రాసుకున్నాడు. ఈ రెండు పనులూ ఒకే పుస్తకంలో జరిగాయన్నది ఈ చరిత్రలో బాధ కలిగించే విషయాల్లో మొదటిది.

లిన్నేయస్‌తో ఏకీభవించని వారిలో ప్రముఖుడు ఫ్రాన్స్‌కు చెందిన బ్యుఫోన్. 1740లో పారిస్‌లో ఆయన ఒక చింపాంజీ పిల్లను దగ్గరగా గమనించాడు. 1766లో అచ్చయిన ఆయన గ్రంథం పద్నాలుగో సంపుటంలో దాని వర్ణన ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది. అది వచ్చినవాళ్లకు చేయి అందించి, వారితో కలిసి గంభీరంగా నడిచేది. భోజనాల బల్ల దగ్గర కూర్చొని, తుండు విప్పి పెదాలు తుడుచుకునేది. చెంచాతోనూ ముళ్ల చెంచాతోనూ తినేది. తన పానీయం తానే గ్లాసులో వంచుకొని, ఎదుటివారు పిలిస్తే వారి గ్లాసుకు తన గ్లాసు తాకించేది. వెళ్లి కప్పూ సాసరూ తెచ్చుకొని, పంచదార వేసి, టీ పోసుకొని, చల్లారేదాకా ఆగి తాగేది. మిఠాయిలంటే దానికి తగని ఇష్టం. ఎప్పుడూ దగ్గుతూ, రొమ్ము జబ్బుతో ఉండేది. ఒక వేసవి పారిస్‌లో గడిపి, తర్వాతి చలికాలంలో లండన్‌లో చనిపోయింది. ఇంత చూసిన బ్యుఫోన్ తేల్చింది మాత్రం ఇది జంతువేననీ, మనిషికీ దానికీ మధ్య ఉన్నది కొలవడానికి వీల్లేని అగాధమనీ. నాలుక ఉంది, మెదడు ఉంది, మాట లేదు. కనుక ఆలోచన పదార్థం వల్ల పుట్టేది కాదు. ఇది టైసన్ వాదమే. వానరం మనిషికి ఎంత దగ్గరగా కనిపిస్తే ఆత్మకు అంత గట్టి రుజువు దొరికినట్టు బ్యుఫోన్ భావించాడు. సాక్ష్యం ఎటు మొగ్గినా తీర్పు మారని వాదమిది. దాన్ని పరీక్షించే మార్గం ఆయన చూపలేదు.

అదే సాక్ష్యాన్ని తిరగేసి చదివినవారూ ఉన్నారు. 1747 చివర్లో ఫ్రెంచి వైద్యుడు, తత్వవేత్త లా మెత్రీ ఒక అడుగు ముందుకు వేశాడు. పుట్టుచెవిటివారికి మాటలు నేర్పే పద్ధతిని అమ్మాన్ అనే వైద్యుడు అప్పటికే ప్రచురించి ఉన్నాడు. అంతే ఓర్పుతో ఒక వానరపిల్లకు నేర్పితే అది మాట్లాడదని ఎందుకు అనుకోవాలని ఆయన అడిగాడు. 1755లో రూసో, ప్రయాణికులు వర్ణించిన ఒరాంగుటాన్‌లు నిజానికి సామర్థ్యాలు వికసించే అవకాశం రాని అడవి మనుషులేమో, సరైన పండితులు వెళ్లి చూస్తే గాని తెలియదని సందేహించాడు. స్కాట్లాండ్ న్యాయమూర్తి మొన్‌బడో 1773 నుంచి వెలువరించిన సంపుటాల్లో ఒరాంగుటాన్ మాట నేర్వని మనిషేనని గట్టిగా వాదించి నవ్వులపాలయ్యాడు. ఆయన చెప్పింది తప్పే. కాని భాష పుట్టుకతో దొరికిన వరం కాదనీ, సమాజంలో నెమ్మదిగా రూపుదిద్దుకున్నదనీ ఆయన చేసిన వాదం నవ్వి పక్కన పెట్టదగింది కాదు.

ఈ ఊహాగానాలకు స్వస్తి చెప్పాలని నడుం కట్టినవాడు డచ్చి శరీరశాస్త్రజ్ఞుడు పేత్రుస్ కాంపర్. ఈస్టిండీస్ నుంచి ఒరాంగుటాన్ కళేబరాలు తెప్పించుకొని 1770 నుంచి కోసి చూశాడు. వాటి స్వరపేటికకు అతుక్కొని గాలి నిండే పెద్ద సంచులున్నాయనీ, గాలి వాటిలోకి మళ్లిపోతుంది కనుక ఒరాంగుటాన్ మాట్లాడడం అసంభవమనీ 1779లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించాడు. టైసన్, బ్యుఫోన్‌ల వాదానికి ఇది నిజానికి పెద్ద దెబ్బ. అవయవాలున్నా మాట లేదన్నదే వారి ఆధారం. అవయవమే లేదని తేలితే ఆత్మకు రుజువు కూడా పోతుంది. అయినా మొన్‌బడో లాంటివారి నోరు మూయించడానికి పనికొచ్చింది కాబట్టి చాలామంది కాంపర్ మాటను సంతోషంగా స్వీకరించారు. పరస్పరం పొసగని రెండు కారణాలు ఒకే నిర్ణయానికి ఆధారంగా నిలిచాయంటే, నిర్ణయం ముందే జరిగిపోయిందని అర్థం. 2016లో మకాక్ కోతుల గొంతు కదలికలను ఎక్స్‌రే వీడియోలతో పరిశీలించినవారు, మాటకు సరిపోయేన్ని ధ్వనులు ఆ గొంతు పలికించగలదనీ, లోటు మెదడు నియంత్రణలో ఉందనీ చూపించారు. గాలి సంచులున్న ఒరాంగుటాన్ వేరు, మకాక్ వేరు. అయినా కాంపర్ ఎన్నుకున్న చోట హద్దు నిలవడం కష్టమని దానివల్ల తెలుస్తుంది.

కాంపర్ నమ్మిన మరో గుర్తు పైదవడలో ముందరి పళ్లను మోసే చిన్న ఎముక. కోతులకూ ఇతర క్షీరదాలకూ అది విడిగా కనిపిస్తుంది, మనిషికి కనిపించదు. కనుక మనిషిని వేరు చేసే గుర్తు అదేనని ఆయనతోపాటు జర్మన్ శాస్త్రజ్ఞుడు బ్లూమెన్‌బాఖ్ కూడా భావించాడు. 1784 మార్చిలో యేనా నగరంలో కవి గేటే పుర్రెలను పోల్చి చూస్తూ మనిషి దవడలో దాని అతుకు జాడలు గుర్తించి, బంగారమో వెండో దొరికినదానికన్నా ఎక్కువ ఆనందంగా ఉందని హెర్డర్‌కు ఉత్తరం రాశాడు. ఫ్రాన్స్‌లో విక్ దజీర్ కూడా అదే కాలంలో విడిగా ఈ సంగతి కనుగొన్నాడు. మనిషిలో ఆ ఎముక పుట్టుకకు ముందే పక్క ఎముకతో కలిసిపోతుంది. పిల్లల పుర్రెలో వెతికినవారికి గీత కనిపిస్తుంది, పెద్దల పుర్రె చూసి తీర్పు చెప్పినవారికి కనిపించదు. గేటే వ్యాసం కాంపర్ దాకా చేరింది. ఆయన దాన్ని మెచ్చుకొని, ఎముకను మాత్రం ఒప్పుకోలేదు. ఆ వ్యాసం అచ్చు కావడానికి 1820 దాకా ఆగవలసి వచ్చింది.

బ్లూమెన్‌బాఖ్ చివరికి నిటారు నడకనూ చేతులనూ నమ్ముకున్నాడు. మనిషికి రెండు చేతులు, రెండు కాళ్లు. వానరాలకు కాలి బొటనవేలు చేతిలా ఎదురు తిరుగుతుంది కాబట్టి వాటికి నాలుగూ చేతులే. ఈ లెక్కన మనిషి ‘ద్విహస్తులు’, కోతులు ‘చతుర్హస్తులు’ అనే రెండు వేర్వేరు క్రమాలయ్యాయి. ఫ్రాన్స్‌లో జార్జ్ కువియే దీన్ని స్వీకరించడంతో 19వ శతాబ్దం సగం గడిచేదాకా మనిషి తనకంటూ విడి క్రమంలో ఒంటరిగా కూర్చున్నాడు. గొరిల్లా వెనక కాలును విప్పి చూసిన బ్రిటిష్ శరీరశాస్త్రజ్ఞుడు థామస్ హక్స్‌లీ 1863లో దీనికి జవాబిచ్చాడు: మడమ ఎముకల అమరికలోనూ, పాదానికి మాత్రమే ప్రత్యేకమైన మూడు కండరాల విషయంలోనూ అది పాదమే గాని చేయి కాదు, బొటనవేలు ఎంత ఎదురు తిరిగినా సరే.

మనిషిని వేరే క్రమంలో కూర్చోబెట్టిన కువియే ఆ క్రమంలోని మనుషులందరినీ సమానంగా చూశాడా అన్నది మరో ప్రశ్న. దక్షిణాఫ్రికా నుంచి తెచ్చి 1810లో లండన్‌లోనూ, 1814 నుంచి పారిస్‌లోనూ ప్రదర్శనకు పెట్టిన సారా బార్ట్‌మన్ అనే ఖోయ్‌ఖోయ్ స్త్రీని ఆయన 1815లో చూశాడు. ఆ ఏడాది డిసెంబరులో ఆమె చనిపోగానే శరీరాన్ని కోసి, 1817లో నివేదిక అచ్చు వేశాడు. ఆమెకు మంచి జ్ఞాపకశక్తి ఉందనీ, డచ్చి భాష బాగానే మాట్లాడుతుందనీ, కొంత ఇంగ్లీషు వచ్చనీ, ఫ్రెంచి మాటలు నేర్చుకోవడం మొదలుపెట్టిందనీ ఆ నివేదికలోనే ఉంది. ఆమె కదలికలు కోతిని గుర్తుచేశాయన్న వాక్యం కూడా అందులోనే ఉంది. దెకార్త్ నుంచి బ్యుఫోన్ దాకా మనిషికి తిరుగులేని గుర్తుగా చెప్పినది భాష. మూడు భాషలు ఎరిగిన స్త్రీ ఎదురుగా నిలబడితే ఆ గుర్తు కువియే కంటికి ఆనలేదు, ఆమె తుంటి భాగం మాత్రమే ఆనింది. ఆమె అవశేషాలు పారిస్ మ్యూజియంలో 1970ల దాకా జనం చూసేలా ఉండి, 2002లో గాని స్వదేశపు మట్టికి చేరలేదు. ఆ కాలమే అలాంటిదని సర్దిచెప్పుకోవడానికి కూడా లేదు. 1836లో జర్మన్ శరీరశాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిష్ టీడెమన్ వివిధ ప్రాంతాల మనుషుల పుర్రెలను ఎండు చిరుధాన్యం గింజలతో నింపి కొలిచి, వారి మెదళ్లలో చెప్పుకోదగ్గ తేడా ఏదీ లేదని రాయల్ సొసైటీ పత్రికలోనే ప్రకటించాడు. పనిముట్లు అందరికీ అందుబాటులో ఉన్నాయి. అడగవలసిన ప్రశ్న అడిగినవారు తక్కువ.

ఈలోగా వానరాల విషయంలో పాత పొరపాటు ఒకటి సర్దుకుంది. పిల్ల ఒరాంగుటాన్ పుర్రె గుండ్రంగా, ముఖం చిన్నదిగా, మనిషి బిడ్డను గుర్తుచేసేలా ఉంటుంది. ఎదిగేకొద్దీ దవడలు ముందుకు పొడుచుకువచ్చి, కోరలు పెరిగి, నడినెత్తిన ఎముక గట్టు లేస్తుంది. బోర్నియో నుంచి ఎదిగిన ఒరాంగుటాన్ వర్ణన 18వ శతాబ్దం చివర్లో వచ్చినప్పుడు దాన్ని ‘పోంగో’ అనే వేరే జంతువుగా భావించారు. పిల్లకూ పెద్దకూ మధ్య తేడా ఎంతో 1835లో బ్రిటిష్ శరీరశాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఓవెన్ ఎముకల ఆధారంగా వివరించాడు. టైసన్ నుంచి బ్యుఫోన్ దాకా మనిషితో పోల్చి ఆశ్చర్యపోయింది పిల్లలనేనని దీనితో తేటతెల్లమైంది. 1847లో గొరిల్లా శాస్త్రలోకానికి పరిచయమయ్యాక, ఆ భారీ పుర్రెను చూపి వానరాలు మనిషికి ఎంతో దూరమని వాదించడం ఇంకా తేలికైంది.

ఆ వాదానికి నాయకుడు ఓవెనే. 1857లో ఆయన మెదడు ఆధారంగా క్షీరదాలను విభజించి, మనిషికి మాత్రమే ఒక ఉపవిభాగం కేటాయించాడు. పెద్దమెదడు వెనుక భాగం చిన్నమెదడును దాటి ఉండడం, లోపలి కుహరానికి వెనుక కొమ్ము ఉండడం, అందులో ‘హిప్పోకాంపస్ మైనర్’ అనే చిన్న ఉబ్బు ఉండడం మనిషికే ప్రత్యేకమన్నాడు. 1860 జూన్‌లో ఆక్స్‌ఫర్డ్ సభలో హక్స్‌లీ లేచి అది నిజం కాదన్నాడు. తర్వాతి రెండేళ్లలో జార్జ్ రోలెస్టన్, విలియం ఫ్లవర్ తదితరులు వానరాల మెదళ్లు కోసి ఆ మూడు భాగాలూ చూపించారు; 1862లో కేంబ్రిడ్జి సభలో ఫ్లవర్ అందరి ముందూ ప్రదర్శించాడు. ఓవెన్ పొరబడిన తీరు గమనించదగ్గది. ఆయన ఆధారం చేసుకున్నది ఇద్దరు డచ్చి శాస్త్రజ్ఞులు 1849లో ప్రచురించిన చింపాంజీ మెదడు బొమ్మ. పుర్రె నుంచి తీసి నిలవ ఉంచిన మెదడు తన బరువుకు తానే కుంగి, వెనుక భాగం చిన్నమెదడు మీద నుంచి జారిపోయింది. బొమ్మ దాన్నే చూపింది. ఆ డచ్చి శాస్త్రజ్ఞులే ముందుకొచ్చి ఓవెన్ తమ బొమ్మను అపార్థం చేసుకున్నాడని ప్రకటించారు. శరీరభాగాల మీద అంత అధికారమున్న పండితుడు, పైగా వానరాలను తానే కోసి చూసినవాడు, అలాంటి బొమ్మ మీద ఆధారపడ్డాడంటే, మనిషి ప్రత్యేకతకు ఎముకలోనో మెదడులోనో ఒక ముద్ర ఉండితీరాలన్న పట్టుదల ఎంత బలమైనదో ఊహించవచ్చు. మనిషికీ గొరిల్లాకూ ఉన్న తేడాకన్నా గొరిల్లాకూ చిన్న కోతులకూ ఉన్న తేడా ఎక్కువని హక్స్‌లీ 1863లో రాసేసరికి శరీరం మీద వాదం దాదాపు ముగిసింది.

మిగిలింది మనసు. ఋగ్వేదాన్ని అచ్చువేసిన పండితుడిగా భారతీయులకు తెలిసిన మాక్స్ మ్యూలర్ 1861లో లండన్ ఉపన్యాసాల్లో భాషే మనం గీసిన గీత అనీ, ఏ జంతువూ దాన్ని దాటే సాహసం చేయదనీ అన్నాడు. పరిస్థితులకు తగిన జీవులే నిలిచి వృద్ధి చెందుతాయనే ప్రకృతివరణ సిద్ధాంతాన్ని డార్విన్‌తోపాటు ప్రతిపాదించిన వాలెస్ కథ ఇంకా విచిత్రం. 1855లో సారవాక్ అడవుల్లో ఒక ఆడ ఒరాంగుటాన్‌ను కాల్చి, బురదలో దొరికిన దాని పళ్లు రాని పిల్లను ఆయన సుమారు మూడు నెలలు సాకాడు. పాలు దొరకక గంజి పట్టాడు. తల్లి ఒంటిని పట్టుకొని వేళ్లాడే అలవాటు తీరడానికి గేదె తోలుతో ఒక బొమ్మ తల్లిని చేసిపెట్టాడు. దాని రోమాలు పిల్ల నోట్లోకి పోయి ఊపిరాడకపోవడంతో తీసేశాడు. దాదాపు అదే వయసున్న ఒక కోతిపిల్లను తోడు తెస్తే అది చురుగ్గా గెంతుతుండగా, ఒరాంగుటాన్ పిల్ల మనిషి బిడ్డలా వెల్లకిలా పడుకొని నిస్సహాయంగా కాళ్లూ చేతులూ ఆడించడం చూసి ఆశ్చర్యపడ్డాడు. జ్వరంతో అది చనిపోయింది. ఇంత దగ్గరగా చూసినవాడే 1869లో మనిషి మెదడు ప్రకృతివరణంతో ఏర్పడి ఉండదని రాశాడు. అడవుల్లో బతికే మనుషుల మెదడు పరిమాణంలో యూరపువారి మెదడుతో దాదాపు సమానమనీ, వారి జీవితానికి అంత మెదడు అక్కర్లేదనీ, కనుక దాని వెనుక ఒక ఉన్నతశక్తి ఉండాలనీ ఆయన తర్కం. మొదటి మాట ఆ కాలానికి ఎంతో ఉదారమైనది. రెండో మాట అడవిలో బతకడానికి కావలసిన తెలివిని తక్కువ చేసింది. మన ఇద్దరి బిడ్డను, అంటే ఆ సిద్ధాంతాన్ని, పూర్తిగా చంపేయలేదని ఆశిస్తానని డార్విన్ ఆయనకు రాశాడు.

డార్విన్ ఈ ప్రశ్నను జీవించి ఉన్న జంతువుతోనే మొదలుపెట్టాడు. 1838 మార్చిలో లండన్ జంతుప్రదర్శనశాలలో జెన్నీ అనే ఒరాంగుటాన్‌ను చూసి అక్కకు ఉత్తరం రాశాడు. కాపలాదారు ఆపిల్ చూపించి ఇవ్వకపోతే జెన్నీ వెల్లకిలా పడి కాళ్లు తన్నుకుంటూ మారాం చేసే పిల్లలా ఏడ్చింది. ఏడుపు ఆపి బుద్ధిగా ఉంటే ఇస్తానని అతడు అన్నాడు. ప్రతి మాటా అర్థమైనట్టే, ఎంతో కష్టం మీద ఏడుపు దిగమింగుకొని, పండు అందగానే కుర్చీలోకి దూకి తృప్తిగా తినసాగింది. కోరికను అణచుకోవడానికి జెన్నీ పడిన ఆ అవస్థే డార్విన్‌కు ముఖ్యంగా కనిపించింది. 1871లో ఆయన చెప్పిన మాట దానికి సహజమైన కొనసాగింపు: మనిషి మనసుకూ ఉన్నత జంతువుల మనసుకూ తేడా ఎంత పెద్దదైనా అది మోతాదులో ఉన్న తేడాయే, స్వభావంలో కాదు. అయితే అదే గ్రంథంలో మనిషికీ వానరానికీ మధ్య ఖాళీ ముందుముందు మరింత పెరుగుతుందని చెబుతూ, ఇప్పుడు ఆ ఖాళీకి ఒక అంచున నీగ్రోనో ఆస్ట్రేలియా ఆదివాసినో నిలబెట్టాడు. బానిసత్వాన్ని జీవితమంతా అసహ్యించుకున్న మనిషి కలం నుంచి వచ్చిన వాక్యమది. నిలువు గీతను చెరిపినవారు కూడా మెట్ల వరుసను వదులుకోలేకపోయారు.

డార్విన్ మనిషికి ఏదీ మిగల్చలేదని అనుకుంటే పొరపాటు. ముఖకవళికల మీద 1872లో తెచ్చిన పుస్తకం కోసం ఆయన అంతకు కొన్నేళ్ల ముందే ప్రశ్నావళి అచ్చువేయించి ప్రపంచం నలుమూలలకూ పంపాడు; కలకత్తా బొటానిక్ గార్డెన్‌లో పనిచేసిన జాన్ స్కాట్ వంటివారు భారతదేశం నుంచి జవాబులు రాశారు. కోపం, భయం, దుఃఖం, ఆనందం అన్నిటికీ జంతువుల్లో సాటి వెతికి చూపిన ఆ పుస్తకంలో ఒక్కదానికి మాత్రం సాటి దొరకలేదు: సిగ్గుతో ముఖం ఎర్రబడడం. ఆవేశంతో కోతుల ముఖాలు ఎర్రబడతాయి గాని, ఏదైనా జంతువు సిగ్గుపడుతుందని నమ్మాలంటే తిరుగులేని సాక్ష్యాలు కుప్పలుగా కావాలని రాశాడు. సిగ్గుకు మూలం ఇతరులు తన గురించి ఏమనుకుంటున్నారన్న ఎరుక అనీ, చర్మం రంగు ఏదైనా, చూపు లేకపోయినా మనుషులందరిలో అది ఉందనీ ఆయన సేకరించిన జవాబులు చెప్పాయి. అందులోనే మరో పరిశీలన కూడా నమోదు చేశాడు: పసిపిల్లల ముఖం కోపంతో ఎర్రబడుతుంది గాని, సిగ్గుతో ఎర్రబడదు, ఆ లక్షణం వారికి కొన్నేళ్లు గడిచాకే వస్తుంది.